నెమ్మది మైకు

మా ల్యాబులో నెమ్మది మైకును మొట్టమొదట పెట్టుకున్నవాడు కిరీటి. బుర్ర చురుకైనవాడే, కానీ నలుగురి ముందు నోరు తెరిస్తే గొంతు వణికిపోయేది, అరచేతులు చెమటలు పట్టేవి. ఒకసారి ఢిల్లీ నుంచి వచ్చిన పెద్దల ముందు తన పేరు చెప్పుకోవడానికే నానా అవస్థ పడ్డాడు. అందుకే డాక్టర్ ముకుందం గారు అతన్ని ఎంచుకున్నారు. చింతగింజంత మైకు అతని కాలరుకి గుచ్చి, మమ్మల్నందర్నీ హాల్లో కూర్చోబెట్టి, "ఊఁ, మాట్లాడవయ్యా" అన్నారు.

"అందరికీ నమస్కారం" అన్నాడు కిరీటి. నేను ముందు వరసలో కూర్చున్నాను కాబట్టి అతని నోటి దగ్గర మాట వణకడం విన్నాను. గోడమీది స్పీకర్లలోంచి మాత్రం ఆ మాట వణుకు లేకుండా, వార్తలు చదివేవాళ్ళ గొంతంత నున్నగా వచ్చింది.

మైకు వెనకవైపున్న పలచటి రేకు చొక్కా మీదుగా ఛాతీ అదురును పట్టుకుంటుంది. భయమైనా కోపమైనా ఏడుపైనా గొంతులోకి రాకముందే ఛాతీకి తెలిసిపోతుంది. ఆ రెప్పపాటు వ్యవధి మైకుకి చాలు. గొంతు వణికేలోపే ఎంత వణకబోతోందో లెక్కకట్టి, అంతా తీసేసి, మిగిలిన మాటను స్పీకరుకి పంపిస్తుంది. ఛాతీ అదురును చదివే ఆ రేకు పని నాది. మూడేళ్ళు దానితో తగవులాడి లొంగదీసుకున్నాను.

ఇక్కడిదాకా మేమనుకున్నదే. అనుకోనిది తర్వాత జరిగింది. కాసేపటికి కిరీటి అరచేతుల చెమట ఆరిపోయింది. నోటి దగ్గర కూడా మాట నున్నబడింది. ఎందుకంటే స్పీకర్లలోంచి అతనికి వినిపిస్తున్నది ఆ నిబ్బరమైన గొంతే. ఇంతమంది మధ్య నా గొంతు ఇలా ఉందంటే నాకు భయం లేనట్టే కదా అని మనసు నమ్మేసింది. ముందు గొంతు, దాని వెనక మనసు. ముకుందం గారు లేచి చప్పట్లు కొట్టారు, మేమూ కొట్టాం. ఆ రోజు సాయంత్రమే దానికి 'నెమ్మది' అని పేరు పెట్టారు.

నా పేరు చోడిపల్లి నూకరత్నం. మాది విశాఖకి ఉత్తరాన పెదరేవుపాలెం. నాన్న సముద్రం మీద వేటకి వెళ్తాడు, అమ్మ చేపలమ్ముతుంది. నాన్న పెద్దగా మాట్లాడడు. ఆయన వాటా మాటలు కూడా మా అమ్మ పోలమ్మే మాట్లాడేస్తుంది. ఒడ్డున చేపల వేలంపాట జరిగేటప్పుడు అలల హోరు మీద వినిపించే గొంతు పోలమ్మ ఒక్కదానిదే అని ఊళ్ళో అంటారు. కొంచెం బొంగురు, కొంచెం కారం. చిన్నప్పుడు బడి ఎగ్గొట్టి పడవల చాటున దాక్కుంటే, రోడ్డు మీదనుంచి అరిచిన ఒక్క అరుపుకి నేనే లేచి బయటికొచ్చేదాన్ని. ఆ తిట్లు తినకపోతే నేను ఇంజినీర్ని అయ్యేదాన్ని కాదు. ఆ మాట ఎక్కడైనా ఒప్పుకుంటాను.

మా ఊరి ఎగువన మందుల కంపెనీ ఒకటి వచ్చింది. దాని మురుగునీటిని గొట్టం వేసి సముద్రంలోకి వదలాలని వాళ్ళ పథకం. అలాంటి పనికి ముందు ఊరివాళ్ళ అభిప్రాయం అడగాలి, సభ పెట్టాలి, ఎవరేమన్నారో రాసుకోవాలి. సభ పెట్టారు. ఏర్పాట్లు చూసే సంస్థ కొత్త మైకులు తెచ్చింది. అవి మా నెమ్మది మైకులేనని నాకు ఆ ఉదయమే తెలిసింది. ల్యాబులో తెర మీద సభను చూస్తూ, మైకుల పనితీరు రాసి పెట్టమన్నారు నన్ను.

నిజం చెప్పాలంటే నవ్వొచ్చింది. స్టేజీ భయం పోగొట్టే మైకు మా అమ్మకా! స్టేజీయే మా అమ్మని చూసి భయపడాలి.

తెర మీద అమ్మ కనిపించింది. ఎర్ర అంచు చీర, తలలో కనకాంబరాలు. ఎవరో కుర్రాడు భుజం మీది కొంగుకి మైకు గుచ్చాడు. అమ్మ గొంతు సవరించుకుంది.

"మా సముద్రంలో మీ కంపు నీల్లు పోస్తారేటి? ఎవులి సొమ్మనుకున్నారు? గొట్టం ఏస్తే సూస్తా ఊరుకుంటామనుకున్నారేటి?"

మాటలు అమ్మవే. స్పీకర్లలోంచి వచ్చిన గొంతు మాత్రం రైల్వే స్టేషనులో బండి ఆలస్యమని చెప్పే గొంతు. అమ్మ ఒక్క క్షణం ఆగి స్పీకరు పెట్టె వైపు చూసింది. మళ్ళీ మొదలుపెట్టింది.

"మా సేపలు సచ్చిపోతాయి బాబూ. పిల్లలు నీల్లలోకి దిగితే దద్దుర్లొస్తాయి..." అంది. ఇంకోసారి స్పీకరు వైపు చూసింది. "మరి మీరు సదువుకున్నోలు. అన్నీ సూసుకునే సేస్తారు. మా గురించి కూడా కాసింత ఆలోసించండి."

చేతులు జోడించి దిగిపోయింది. అధికారులు చప్పట్లు కొట్టారు. నేను హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టాను. మా అమ్మ ఎవరికీ అలా చేతులు జోడించగా నేను చూడలేదు, దేవుడికి కూడా కొంచెం దబాయింపుగానే దణ్ణం పెడుతుంది.

ఆ ఆదివారం ఊరికి వెళ్ళాను. బస్సు దిగగానే ఎదురొచ్చింది బడే చిన్నమ్మి. చేపల మార్కెట్లో అమ్మకీ ఆవిడకీ పాతికేళ్ళ వైరం. ఒకరి గంప ఇంకొకరి చోట్లోకి బెత్తెడు జరిగినా ఆ రోజు మార్కెట్లో బేరాలు ఆగిపోయేవి.

"ఒలే రత్నం, మీ యమ్మకేటైందే?" అంది చిన్నమ్మి, నా చెయ్యి పట్టుకుని. "నిన్న ఆవిడ సోట్లో నా గంప ఎట్టీసినాను. కావాలనే ఎట్టినాను. కూకోమంది! ఎండగా ఉన్నాది, ఇటు నీడకి జరగమంది! నాకు బయ్యమేసి నా గంప నానే తీసీసుకున్నాను. ఆసుపత్రికి తీసుకెల్లు."

ఇంట్లో అమ్మ నన్ను చూసి నవ్వింది. అన్నం పెట్టింది. నెల రోజులుగా ఇంటికి రాలేదేమని అడగలేదు. జుట్టు కత్తిరించుకున్నావేమని అడగలేదు. నేను పప్పుచారు వదిలేసినా ఏమీ అనలేదు. నాన్న ఒక మూల వల బాగుచేసుకుంటూ మాటిమాటికీ తలెత్తి ఆమె వైపు చూస్తున్నాడు. ఇంట్లో అంత నిశ్శబ్దం ఆయనకీ అలవాటు లేదు.

"అమ్మా, ఆ మైకు మా ల్యాబులోది. నేను చేసింది" అన్నాను. చెప్పేసి తల వంచుకుని కూర్చున్నాను, ఇక మొదలవుతుందని.

"పోన్లే అమ్మా" అంది. "తెలీక సేశావు."

చెంప మీద కొట్టినా నాకు అంత దెబ్బ తగిలేది కాదు. తప్పు చేసిన కూతుర్ని క్షమించడం అమ్మలకి మామూలే కావచ్చు, మా అమ్మకి కాదు. ఆ క్షమ నా తల్లి ఇచ్చింది కాదు, నేను చేసిన రేకు ఇచ్చింది. నాకు పట్టరాని కోపం వచ్చింది. ఆ ఇంట్లో కోపం వచ్చింది నాకొక్కదానికే.

సోమవారం ముకుందం గారి గదిలోకి తలుపు కొట్టకుండా వెళ్ళాను.

"సార్, మీరు మైకు మోతాదు పెంచారు. వణుకు తియ్యడమని చేసింది, మనిషిలో ఉడుకంతా తీసేస్తోంది."

"కూర్చో రత్నం" అన్నారు ఆయన. కేకలేసే మనిషి కాదు. "సభ ఎంత ప్రశాంతంగా జరిగిందో చూశావు కదా. పోలీసులు లేరు, తోపులాట లేదు. మా తమ్ముడు రెవెన్యూలో పనిచేసేవాడు, నీకు తెలుసు. ఇలాంటి సభలోనే రాయి తగిలి కన్ను పోయింది. వాడి కొడుకు పుడితే ఒక్క కంటితో చూసుకున్నాడు. నెమ్మదిగా మాట్లాడుకుంటే ఎవరికి నష్టం?"

"మా అమ్మ రాయి విసరలేదు సార్. మాట అంది."

"మాట తర్వాత రాయే వస్తుంది."

"మాటని నొక్కేస్తే వస్తుంది. మా వాళ్ళు వద్దని చెప్పడానికి వచ్చారు. ఆలోచించండి అని చెప్పి దిగిపోయారు. వచ్చినవాళ్ళ మనసు మార్చి పంపించేదాన్ని అభిప్రాయ సేకరణ అంటారా?"

"నాలుగు రోజుల్లో తగ్గిపోతుందిలే."

"కిరీటికి తగ్గిందా?"

అందరికంటే ఎక్కువసార్లు మైకు పెట్టుకున్నవాడు కిరీటి. అంతకుముందు వారం వాళ్ళమ్మకి గుండె ఆపరేషను అని ఇంటినుంచి ఫోను వస్తే, "అలాగా" అని పెట్టేసి భోజనానికి వెళ్ళిపోయాడు. ఆ సంగతి ల్యాబంతా గుసగుసలాడుకుంది కానీ పైకి ఎవరూ అనలేదు.

ముకుందం గారు కళ్ళజోడు తుడుచుకుని మాట మార్చారు. "రెండో సభే ఆఖరిది. ఈలోగా ఒక లోపం సరిచెయ్యాలి. ఆ రోజు ఒకావిడ మాట్లాడుతుండగా మధ్యలో గొంతు ఉన్నదున్నట్టు బయటికొచ్చేసింది. ఎందుకో కనిపెట్టు. రేకు నీదే కదా."

ఆ ఒకావిడ మా చిన్నమ్మి. వీడియో పెట్టుకుని చూశాను. మొదట రెండు మాటలు నున్నగా వచ్చాయి. మైకు చల్లబరిచేలోపే ఆవిడకి ఎవరి మీదో ఒళ్ళు మండింది. కొంగు ముందుకి లాగి, నడుం చుట్టూ తిప్పి, బిగించి దోపింది. అంతే, గొంతు ఒక్కసారిగా చీరుకుంటూ వచ్చింది. ఎవరో పరుగున వచ్చి, బతిమాలి ఆవిడ చేతే మైకు తీయించి మళ్ళీ భుజానికి గుచ్చేదాకా అలాగే వినిపించింది.

నాకు నవ్వు ఆగలేదు. మేం మైకును మూడేళ్ళు పరీక్షించాం. చొక్కాల మీద, కోట్ల మీద, కుర్తాల మీద. గుచ్చినచోటే ఉండే బట్టల మీద. ల్యాబులో చీర కట్టుకునేవాళ్ళే లేరు, నేను కూడా అక్కడ ప్యాంటూ చొక్కాయే. మా వాడలో ఆడది తగవుకి దిగితే మొట్టమొదట చేసే పని కొంగు బిగించడం. కొంగుతో పాటు మైకూ నడుం దగ్గరికి పోతుంది. అక్కడ ఛాతీ అదురు అందదు. చదవడానికి ఏమీ లేకపోతే మైకు మామూలు మైకే, వచ్చిన గొంతును వచ్చినట్టు పంపిస్తుంది. ఇంతమంది చదువుకున్నవాళ్ళం కలిసి, సరిగ్గా కోపం వచ్చినప్పుడే పనిచెయ్యని మైకును మా ఊరి ఆడవాళ్ళ కోసం తయారుచేశామన్నమాట.

"బ్యాటరీ లోపం సార్" అని చెప్పాను ముకుందం గారికి. కొత్త బ్యాటరీలు తెప్పించారు.

లోపం ఊళ్ళో చెప్పేస్తే సరిపోతుందనుకున్నాను మొదట. ఫోను చేసి, "అమ్మా, ఈసారి మాట్లాడేముందు కొంగు బిగించు" అన్నాను.

"ఎందుకమ్మా? ఎవులితో తగువు?" అంది అమ్మ.

నిజమే. కోపం వస్తే చెయ్యి దానంతటదే కొంగు మీదికి పోతుంది. కోపమే లేని మనిషికి కొంగుతో ఏం పని? ఇంకో ఆలోచన కూడా వచ్చింది. మైకును తిరగేసి, చల్లార్చే బదులు రాజేసేలా మార్చలేనా? రెండు రోజుల పని. ఆ మాట కూడా అడిగాను. "నీ ఇట్టం అమ్మా" అంది. ఏం పెట్టినా సరేననే మనిషిని అనుమతి అడగడంలో అర్థం లేదు. పైగా నేను పోసిన కోపం ఆమెది ఎలా అవుతుంది? నాకు కావలసింది మా అమ్మ కోపం, నా కోపం కాదు. ఆ ఆలోచన అక్కడే వదిలేశాను.

మిగిలింది కిరీటి. అతన్ని హాల్లోకి తీసుకెళ్ళి, పాతకాలం చేతిమైకు ఒకటి ఇచ్చి, పెద్ద స్పీకర్లు పెట్టాను. ఇంట్లో మాట్లాడే గొంతును మన మనసు లెక్కచెయ్యదు, పెద్దగా బయటినుంచి తిరిగొచ్చే గొంతునే నాదని నమ్ముతుంది. అలా నమ్మి చల్లబడినవాడు అలాగే వేడెక్కాలి కదా అని నా ఊహ. ల్యాబులో ఉన్నవాళ్ళందర్నీ పిలిచి కూర్చోబెట్టాను.

"ఏం మాట్లాడను మేడమ్?"

"ఏదైనా. మీ ఇంటి సంగతి చెప్పు."

చెప్పడం మొదలుపెట్టాడు. వాళ్ళ ఊరు, వాళ్ళ వీధి, ఇంటి ముందు నూతి గట్టు. స్పీకర్లలోంచి అతని సొంత గొంతు, ఏ మెరుగూ లేకుండా, కాస్త ముక్కుతో వస్తోంది. రెండు మూడుసార్లు ఆగి విన్నాడు. "మా అమ్మకి ఆపరేషను..." అన్నాడు. ఆ మాట హాలంతా తిరిగి వచ్చి అతనికి తగిలింది. మైకు బల్ల మీద పడేసి బయటికి పరిగెత్తాడు. వరండాలో ఫోను పట్టుకుని వెక్కివెక్కి ఏడవడం మాకు లోపలికి వినిపించింది. తిరిగొచ్చాక నా ముందు నిలబడి, "నాకు ముందే ఎందుకు చెప్పలేదు మేడమ్? మీరందరూ మనుషులేనా?" అని అరిచాడు. గొంతు వణికింది. ఆ వణుకు విని నాకు ప్రాణం లేచొచ్చింది.

మా అమ్మకి కావలసింది మైకూ జనమూ, తన గొంతు తనకి తిరిగిరావడం. కానీ సభ అయ్యేదాకా పెదరేవుపాలెంలో ఎవరూ మైకుసెట్టు పెట్టకూడదని అధికారులు ఆంక్ష పెట్టారు. పట్నానికి రమ్మంటే "ఎందుకమ్మా శ్రమ" అంది. ఇక ఉన్నది ఆ ఆఖరి సభే, అందులో ఉండేది మా నెమ్మది మైకులే. ఆ రోజు కూడా మా వాళ్ళు చేతులు జోడించి దిగిపోతే గొట్టం వచ్చి తీరుతుంది. మా అమ్మ అలాగే ఉండిపోతుంది. నాకు రెండూ ఒకటిగానే కనిపించాయి.

సభ బడి మైదానంలో, షామియానా కింద. ఆడవాళ్ళకి మైకు గుచ్చడానికి ఆడమనిషి కావాలని నన్ను కూడా తీసుకెళ్ళారు. ముకుందం గారు వేదిక పక్కన తెరల ముందు కూర్చున్నారు. ఒక్కో మైకుకి ఒక్కో తెర, ఛాతీ అదురు దాని మీద గీతలుగా కనిపిస్తుంది. సభ మొదట్లోనే అధికారి లేచి, ఎవరు మాట్లాడుతున్నా మధ్యలో మైకు ఆపబోమనీ, ఆపితే సభ చెల్లదనీ ప్రకటించాడు. విలేకరులు ఆ మాట రాసుకున్నారు.

మొదట మగవాళ్ళు మాట్లాడారు. కోపంగా వేదికెక్కారు, ఆలోచించమని చెప్పి దిగారు. పెద్ద పడవ యజమాని ఒకాయన దిగేటప్పుడు అధికారికి తువ్వాలు అందించాడు కూడా. నేను చూస్తూ పళ్ళు కొరుక్కున్నాను.

తర్వాత అమ్మ పేరు పిలిచారు. మెట్ల దగ్గర ఆమెని ఆపి మైకు చేతిలోకి తీసుకున్నాను. భుజం మీద గుచ్చలేదు. వేలాడుతున్న కొంగు చివర అంచుకి గుచ్చాను, మోకాలి దగ్గర. అమ్మ నా వైపు చూసి నవ్వి, "అన్నం తిన్నావా అమ్మా?" అని అడిగి వేదికెక్కింది.

"అందరికీ నమస్కారం" అంది. "నాను పోలమ్మని. మొన్న సెప్పిందే సెప్తాను..."

స్పీకర్లు ఆ బొంగురు గొంతును ఉన్నదున్నట్టుగా మైదానం మీద పడేశాయి. మైకు కింద ఉండటంతో కొంచెం దూరం నుంచి వచ్చినట్టుంది. అయినా ఒడ్డున వేలంపాట దగ్గర వినిపించే గొంతే అది. అమ్మ ఆగిపోయింది. స్పీకరు పెట్టె వైపు చూసింది.

"ఇదెవులి గొంతు?" అంది. స్పీకరు కూడా అదే అడిగింది. జనంలో నవ్వులు లేచాయి.

"నీదేనే పోలమ్మా! మరిసిపోయినావేటి?" అని ముందు వరసలోంచి చిన్నమ్మి కేకేసింది.

"నాదే" అంది అమ్మ మెల్లగా. మళ్ళీ ఇంకొంచెం గట్టిగా, "నాదే" అంది. ఆ రెండో 'నాదే' కి వెనక బెంచీలవాళ్ళు నిటారుగా కూర్చున్నారు. "మొన్న ఇక్కడే నిలబడి నానేటన్నాను? ఆలోసించండన్నానా? ఏటి ఆలోసించడానికి? మా సముద్రంలో ఇసం పోస్తామంటే మీకు దణ్ణమెట్టినానా నాను?"

ఒక్కో మాటా స్పీకర్లకి పోయి తిరిగొచ్చి ఆమెని తాకుతోంది. తాకినకొద్దీ గొంతు లేస్తోంది. ఆమె మొహం మారడం నా కళ్ళతో చూశాను. దవడ బిగిసింది, కళ్ళు ఎర్రబడ్డాయి. మొదటి సభ నుంచీ మా ఇంట్లో తిరుగుతున్న ఆ మర్యాదస్తురాలు వెళ్ళిపోయింది. నేను వేదిక పక్కన నిలబడి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడ్చాను.

ముకుందం గారు తెర తట్టి చూస్తున్నారు. గీతలు లేవు. తలెత్తి చూశారు, మైకు ఎక్కడుందో అర్థమైంది. గబగబా వేదికెక్కారు. "అమ్మా, ఒక్క నిమిషం. ఆ మైకు కొంచెం పైన పెట్టాలి."

అమ్మ ఆయన్ని పైనుంచి కిందికి చూసింది. కొంగు అంచు పట్టుకుని, మైకుతో సహా చుట్టచుట్టి, నడుం దగ్గర బిగించి దోపేసింది. గొంతు ఇంకొంచెం దగ్గరగా, ఇంకొంచెం గట్టిగా వచ్చింది.

"తియ్యి" అంది. "సెయ్యెయ్యి, సూద్దాం."

మైదానం గొల్లుమంది. ముకుందం గారి చెయ్యి సగంలో ఆగిపోయింది. ఊరు ఊరంతా చూస్తుండగా పోలమ్మ నడుం దగ్గరి కొంగు మీద చెయ్యి వేసే మగాడు అక్కడే కాదు, ఏ కంపెనీలోనూ ఉండడు. అధికారి లేచి నిలబడి మళ్ళీ కూర్చున్నాడు. మైకు కట్టేద్దామంటే ఉదయం తనన్న మాట విలేకరుల దగ్గరుంది. ముకుందం గారు వేదిక దిగి నా దగ్గరికి వచ్చారు.

"రత్నం, వెళ్ళి తీసుకురా."

"తియ్యను సార్."

"ఇది బ్యాటరీ లోపం కాదని నీకు ముందే తెలుసు."

"తెలుసు. రేకు నాదే కదా."

"ఉద్యోగం పోతుంది రత్నం. నీ మూడేళ్ళ పని పోతుంది."

"ఆ పని మా అమ్మ నోరు మూయించడానికి పనికొచ్చింది సార్. పోతే పోనివ్వండి."

గొంతు తగ్గించి మాట్లాడాలని కూడా తోచలేదు నాకు. అమ్మ వినేసింది. మొత్తం ఒంటితో నా వైపు తిరిగింది. ఆ చూపు నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. పడవల చాటు ఎక్కడైనా ఉంటే బాగుండుననిపించింది.

"ఒలే గుంటా! నువ్వటు నక్కి నిల్సున్నావేటి?" స్పీకర్లన్నీ కలిసి నన్ను అడిగాయి. "ఇనండెహె! ఈ మాయదారి మైకు ఎవులు సేసినారో తెలుసా? నా కూతురు! నా కడుపున పుట్టిన గుంట! సేపల గంప నెత్తినెట్టుకుని నాను సదివిస్తే, పట్నమెల్లి నా నోటికే తాళమేసింది. ఇంటికొచ్చి సెప్పింది కూడాను. నానేటన్నాను? పోన్లే అన్నాను! నాను పోన్లే అనడమేటి? పుట్టి బుద్దెరిగి ఎవుల్నైనా పోన్లే అన్నానా నాను?"

"అన్లేదు!" అని అరిచింది చిన్నమ్మి. "నన్నొక్కసారీ అన్లేదు!"

"నువ్వు నోరుముయ్యి, నా సోట్లో గంప ఎట్టినావు, నాకు గేపకముంది!" అని ఆవిడకొకటి తగిలించి అమ్మ మళ్ళీ నా వైపు తిరిగింది. "నువ్వు ఇంటికి రా, నీ పని సెప్తాను. ముందు ఈల్ల పని సూడనీ."

మొత్తం ఊరి ముందు, విలేకరుల ముందు, నా ఆఫీసు ముందు నా పరువు పోయింది. అంత సంతోషం నా జన్మలో ఎరగను.

అమ్మ అధికారుల వైపు తిరిగింది. ఇప్పుడామె అరవలేదు. అరవాల్సిన అవసరం లేనంత గట్టిగా ఉంది ఆ గొంతు. "బాబూ, కలం తీసుకో. నాను సెప్పింది సెప్పినట్టు రాసుకో. మీ గొట్టం మాకొద్దు. మీరు మంచిగా అడిగినా వద్దు, సెడ్డగా అడిగినా వద్దు. మొన్న నాను దణ్ణమెట్టినట్టు రాసుకునుంటే కొట్టీ. అది నాను కాదు."

ఆమె దిగలేదు. కొంగు విప్పలేదు. వేదిక మీదే కింద చతికిలబడి, ఎవరైనా మాట్లాడాలనుకుంటే వచ్చి తన పక్కన కూర్చుని మాట్లాడమంది. ముందు చిన్నమ్మి వచ్చింది, తర్వాత మిగతా ఆడవాళ్ళు. ఒకే కొంగులో దోపిన ఒకే మైకు ముందు అంతమందీ మాట్లాడారు. తువ్వాలు అందించిన పడవ యజమాని కూడా మళ్ళీ వచ్చి సిగ్గుపడుతూ కూర్చుని, తన మాట సరిచేసుకున్నాడు. ఊరు వ్యతిరేకించిందని రాయక తప్పలేదు అధికారికి.

ముకుందం గారు వస్తువులు సర్దుకుని వెళ్ళేముందు నా దగ్గర ఆగారు. "వీళ్ళు రాళ్ళు విసరలేదు" అన్నారు, నాతో కాదు, తనతోనే అన్నట్టు. మర్నాడు నన్ను తీసేసినట్టు ఉత్తరం పంపించింది కూడా ఆయనే. రెండూ నిజాయితీగానే చేశారనుకుంటాను.

కంపెనీ మూడో సభ అడుగుతోందని విన్నాను. ఈసారి మైకు కొంగుకి కాదు, మెడలో గొలుసులా వేస్తారట. తెచ్చుకోనివ్వండి. ఆ రేకు ఎక్కడ చదువుతుందో, ఎక్కడ చదవలేదో నాకు తెలుసు. ఇప్పుడు నాకు తీరిక కూడా బోలెడుంది. కిరీటి రోజూ ఫోను చేస్తున్నాడు, అతనూ ఉద్యోగం మానేస్తానంటున్నాడు. వాళ్ళమ్మకి ఆపరేషను బాగా జరిగిందట.

ఆ రోజు సభ అయిపోయాక అమ్మ ముందు నడిచింది, నేను వెనక నడిచాను. గుమ్మంలో నేను చెప్పులు విడవగానే తలుపేసి, నడుం మీద చేతులు పెట్టుకుని మొదలుపెట్టింది. నేను చేసిన మైకు గురించి, కత్తిరించుకున్న జుట్టు గురించి, తినకుండా వదిలేసిన పప్పుచారు గురించి, నెల రోజులు ఇంటిముఖం చూడకపోవడం గురించి. నాన్న వల కింద పెట్టి, గోడకి జారబడి, కళ్ళు మూసుకుని హాయిగా విన్నాడు. నా తప్పు ఆమె మన్నించలేదు, ఇప్పటికీ మన్నించలేదు, అడిగితే మళ్ళీ మొదటినుంచీ తిడుతుంది. నేను వారానికోసారి అడుగుతున్నాను.